తుపాకి మందుకు గోపురం పోయను

మా ఇంట్లో ధాన్యం కొలిచేది నేనే. కూలికి వచ్చినవాళ్ళకు వడ్లు కొలిస్తే శేరు మీద గోపురం నిలిచేలా పోసేదాన్ని. మా అమ్మ అట్లా నేర్పింది. మిగతా విషయాల్లో నేను పిసినారినని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోనీ. సబ్బు అరిగి రేకులా అయినా పారేయని మనిషిని, కాదనను.

తుపాకి మందు కొలిచే పని కూడా నాకే వచ్చింది. చిత్తూరుకు పడమరగా, కొండ వారన మా చేను. వేరుశనగ కాయ పట్టగానే అడవిపందులు దిగేవి. అప్పటికి మా వైపు కరెంటు కంచెలు రాలేదు. పైరు కాపలాకని మామగారి కాలం నుంచి లైసెన్సు ఉన్న ఒంటిగొట్టం తుపాకి ఒకటి ఇంట్లో ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన గుడ్డపీలిక కుక్కి, గజం అనే ఇనుప కడ్డీతో దట్టించాలి. గుండు వేసేవాళ్ళం కాదు. పందిని చంపితే ఫారెస్టువాళ్ళతో తంటా. మాకు కావలసింది చప్పుడే.

మా ఇంటాయనకు ఒక కంట్లో పొర కమ్మింది. అరచేతిలో పోసుకున్న మందు ఎంతో ఆయనకు ఆనడం మానేసింది. వెదురు గొట్టం చిన్నది కోసిచ్చి, "నువ్వు కొలువు" అన్నాడు. అందులో నిండా పోసి, పాత పెళ్ళికార్డు ముక్కతో పైన గీసేసేదాన్ని. అంచు దాటి ఒక్క పలుకు ఉండడానికి లేదు. ఆ మందూ గుడ్డా దట్టించాక గజం ఎంతవరకు దిగుతుందో చూసి, కడ్డీ మీద ఆకురాయితో గాటు పెట్టాను. గాటు గొట్టం మూతికి సమంగా ఉంటే కొలత సరి. పైకి తేలిందంటే లోపల మందు ఎక్కువున్నట్టు. మూడో తరగతి చదువుకు ఆ లెక్క చాలు.

అంత పట్టుదల ఎందుకంటే, పక్క ఊరి మనిషి ఒకాయన మా ఇంట్లో భోంచేయడం చూశాను. తుపాకి గొట్టం పగిలి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి ఆయనకు. ఎడమచేత్తో చారన్నం కలపలేక ఆకంతా చిందరవందర చేసుకున్నాడు. "మందు రవంత ఎక్కువ పడిందమ్మా" అన్నాడు, ఉప్పు ఎక్కువ పడిందని చెప్పినట్టు.

ఒక ఏడు వానలు కుదిరి కాయ బాగా పట్టింది. చేను మాకూ మా మరిదికీ ఉమ్మడి. ఒక మధ్యాహ్నం నేను వసారాలో మందు కొలుస్తుంటే మరిది వచ్చి కూర్చున్నాడు.

"వదినా, నిన్న మన తుపాకి దగ్గినట్టు ఉండాది. పందులు తలకాయ గూడా ఎత్తల్యా. కూలోళ్ళకు గోపురం పోస్తావు, దీనికి మాత్రం గీస్తావే. ఆ మిగిలిన మందుతో మేడ కడతావా?"

"రెండుసార్లు కాల్చండప్పా. రెండుసార్లూ కొలిచిస్తా."

"రెండోసారి కూరేలోపల అవి కడుపు నింపుకోని పోతాయి."

"పోతే పోనీ. మొగానికి ఆనించేటప్పుడు మాత్రం నా కొలతే."

"ఆనించేది అన్న మొగానికి గదా, నా మొగానికి కాదే" అని నవ్వాడు.

నవ్వులాటకే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మరునాడు పొద్దు గుంకే వేళకు సంగటి తీసుకుని చేనికి వెళ్ళాను. తుపాకి మంచెకు ఆనించి ఉంది.

"నీకెందుకు శ్రమని నేనే కూరినా" అన్నాడు మరిది.

అంతలోనే కొండ వైపు పైరు కదిలింది. మా ఆయన తుపాకి అందుకున్నాడు. నేను గొట్టం పట్టుకుని గజం లోపలికి దించాను. గాటు మూతికి రెండు వేళ్ళ ఎత్తున నిలబడింది.

"ఎంత పోసినావు?" అన్నాను.

"నీ కొలతే. పైన రవంత గోపురం."

"పందులు దిగినాయే. ఇట్లియ్యి" అన్నాడు మా ఆయన.

"ఇయ్యను."

తాగడానికి తెచ్చిన చెంబెడు నీళ్ళూ గొట్టంలో వంచేశాను. మరిది తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. డబ్బాలు కొట్టాం, అరిచాం. పందులు పది సాళ్ళు దున్నేసి, తినగలిగినంత తిని పోయాయి.

తన కొలత దాటిందన్న పంతానికే నీళ్ళు పోసిందని మరిది తెల్లారేసరికి ఊరంతా చెప్పాడు. తడిసిన గుడ్డా మందూ నేనే బయటికి లాగి, గొట్టం వేడినీళ్ళతో కడిగి, నూనె పట్టించాను. సాయంత్రం మరిది వాకిట్లో నిలబడి అన్నతో అన్నాడు:

"ఆమెనన్నా ఇంట్లో ఉండమను. ల్యాకుంటే నేను కాపలాకు రాను."

మా ఆయన నా వైపు చూశాడు. ఏమనేవాడో నాకు తెలియదు. ఆయన నోరు తెరిచేదాకా ఆగలేదు నేను.

"రావద్దులేప్పా. నేను కూర్చుంటా."

వేరుశనగ చెట్టు పీకేదాకా ప్రతి సాయంత్రం మంచె కింద కూర్చున్నాను. ఆడమనిషి తుపాకి పక్కన కూర్చోవడమేమిటని దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూసినవాళ్ళను డబ్బా కొట్టమన్నాను. కాయ తగ్గింది, అమ్మగా మిగిలింది విత్తనానికి కూడా చాలలేదు. ఆ పది సాళ్ళూ నా వల్లే పోయాయని మరిది ఇప్పటికీ అంటాడు. అవును, నా వల్లే పోయాయి.