అనుమానితుల్లో మొదటివాడు

మా అయ్యగారు డిటెక్టివు. ఆయనకు ఈ లోకంలో ఒక్కరి మీదే అనుమానం. తన మీద.

నేను ఆయన కుక్కని. ఆయన మాత్రం నన్ను "అసిస్టెంటుగారూ" అని పిలుస్తారు. ఎవరింట్లో ఏది పోయినా సరే, కేసు చేతికి రాగానే ముందు తన జేబులు వెతుక్కుంటారు. తరవాత అద్దం ముందు నిలబడి, "నిజం చెప్పు. నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?" అని నిలదీస్తారు. జవాబు నచ్చకపోతే నా వంక తిరిగి, "మనిషి తడబడుతున్నాడు, గమనించారా?" అంటారు. నేను తోక ఊపుతాను. మా ఉద్యోగంలో తోక ఊపడం సంతకం లాంటిది. విషయం చదవకుండానే పెట్టేయవచ్చు.

పక్కింటివాళ్ళ పిల్లి కనబడకపోతే ఆయన తన మంచం కిందే వెతికారు. "ఆ పిల్లికీ నాకూ మొదటినుంచీ పడదు. నాకు కక్ష ఉంది" అని తన మీద తానే సాక్ష్యం చెప్పారు. పిల్లి ఎదురింటి మేడ మీద ఎండ కాచుకుంటోంది. నేను చూస్తూనే ఉన్నాను. కానీ పిల్లి దొరకాలని నాకేం తొందర?

ఆయన చెల్లెలు కళ్ళజోడు పోయిందంటే తన బట్టలన్నీ నేలమీద గుమ్మరించారు. జోడు ఆమె నెత్తిమీదే ఉంది.

"ఇదిగో అన్నయ్యా, దొరికింది."

"అయినా సరే, నన్ను క్షమించమ్మా" అన్నారాయన.

ఒకరోజు లాండ్రీ యజమాని రొప్పుతూ వచ్చాడు. రోజుకొకణ్ణి పనిలోంచి తీసేస్తే గానీ ఈయనకు తిన్నది అరగదని వీధిలో చెప్పుకుంటారు.

"సార్, బ్యాండు మాస్టారి నల్లకోటు పోయింది! రేపే ఆయన కచేరీ. నా పరువు గంగలో కలిసిపోయేట్టుంది."

"కోటు ఏ సైజు?"

"ఇంచుమించు మీ సైజే."

అయ్యగారి మొహం పాలిపోయింది. "అయితే నాకు పనికొస్తుందన్నమాట! చెల్లాయ్, బీరువా తాళాలు ఇలా పట్రా!"

బీరువాలో ఆ కోటు లేదు. "గడుసువాణ్ణి. ఇంకెక్కడో దాచుంటాను" అని గొణుక్కుంటూ లాండ్రీకి బయల్దేరారు.

నా ముక్కు గుమ్మంలోనే పని ముగించింది. సబ్బు, ఆవిరి, వాటి వెనక కాలిన ఉన్ని వాసన. నేరుగా వెనక గదిలోకి వెళ్ళి, ఇస్త్రీ బల్ల కింద ఉన్న మూట ముందు కూర్చున్నాను. ఇస్త్రీ చేసే అతను ఆ మూటని కాలితో ఇంకా లోపలికి తోశాడు. అయ్యగారు వంగి మూట విప్పారు. నల్లకోటు. వీపు మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో పెద్ద కన్నం.

"ఈ పని కూడా పోతే మా ఆవిడకి మొహం చూపించలేనండీ" అన్నాడతను.

"ఎలా జరిగిందయ్యా?"

"పెట్టె కోటు మీద ఉండగానే ఓనరుగారు కేకేశారండీ. పరిగెత్తాను. నిన్నటి చొక్కా ముడత గురించి తిట్టడం మొదలెట్టారు. మధ్యలో కదిలితే ఇంకా తిడతారని అలాగే నిలబడిపోయాను."

అయ్యగారు కోటు చంకలో పెట్టుకుని ముందు గదికి వెళ్ళారు.

"దొంగ దొరికాడు" అన్నారు.

"ఎవడు వాడు?"

"నేనే. పొరపాటున నా బట్టల్లో కలిపేసి ఇంటికి పట్టుకెళ్ళాను. నేనే ఇస్త్రీ చేశాను. చూడండి, ఎంత దరిద్రంగా చేశానో!"

యజమాని నోరు తెరిచాడు. మళ్ళీ మూయడానికి చాలాసేపు పట్టింది. అయ్యగారు తల వంచుకుని తిట్లన్నీ విన్నారు. మా అయ్యగారు ఎప్పుడూ తప్పు మనిషినే పట్టుకుంటారని ఇన్నాళ్ళూ జాలిపడేవాణ్ణి. కావాలనే పట్టుకుంటారని ఆ రోజే తెలిసింది.

కచేరీలో బ్యాండు మాస్టారు, కాలిన కోటుకి బదులుగా ఇచ్చిన మా అయ్యగారి కోటే తొడుక్కున్నారు. దాని నిండా నా బొచ్చు. ఆయన తుమ్మినప్పుడల్లా అది సైగ అనుకుని డప్పులవాళ్ళు వాయించేశారు. జనం మాత్రం ఇలాంటి కొత్తరకం తాళం ఎప్పుడూ వినలేదని మురిసిపోయారు.

కానీ ఇస్త్రీ అతనికి మనసొప్పలేదు. యజమానికి నిజం చెప్పేశాడు. యజమాని అతని రెక్క పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చాడు.

"ఏమిటండీ ఇది? మీ జబ్బు వీడికి కూడా అంటించారా? మొన్న మీరు ఒప్పుకున్నారు, ఇవాళ వీడు ఒప్పుకుంటున్నాడు. ఇలాగే సాగితే రేపు నేను ఒప్పుకోవాలి!"

అయ్యగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆయన చూపు ఇంకో మనిషి మీద నిలబడింది.

"పెట్టె కోటు మీద ఉన్నప్పుడు ఇతన్ని పిలిచిందెవరు?"

"నేనే. అయితే?"

"వెనక్కి వెళ్ళనివ్వకుండా నిలబెట్టి తిట్టిందెవరు?"

యజమాని మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి వెంటనే మూసేశాడు. మెల్లగా ఇస్త్రీ అతని రెక్క వదిలి, "పద, షాపులో పని బోలెడుంది" అన్నాడు.

మెట్లు దిగుతూ వాళ్ళు గుసగుసలాడుకోవడం నా చెవిన పడింది.

"ఒరేయ్, ఇది ఎవరికీ చెప్పకు."

"లేదండీ, నేనే కాల్చానని చెబుతాను."

"వద్దులే. మనిద్దరికీ ఎందుకా మాట? ఆ డిటెక్టివే కాల్చాడని చెబుదాం."

అయ్యగారికీ ఆ మాట వినబడింది. కడుపు పట్టుకుని నవ్వారు.