పడమటి కాలు

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకొన్న పెద్దవారికి మళ్ళీ నడక నేర్పడం లిడియమ్మ వృత్తి. మదనపల్లెలోని ఒక మిషను ఆసుపత్రిలో ముప్పైరెండేళ్ళుగా ఆమె ఈ పని చేస్తున్నది. ఆమె నడిపించినవారిని వరుసగా నిలబెడితే ఆ వరుస పుంగనూరు దాకా సాగుతుందని ఆసుపత్రి వంటమనిషి కుప్పుస్వామి అంటూ ఉంటాడు. అందులో సగం మంది దారిలోనే కూర్చుండిపోతారన్న సంగతి మాత్రం ఆయన చెప్పడు.

లిడియమ్మ పుట్టింది కుప్పంలో. తల్లి అక్కడి మిషను కాంపౌండులో ఆయాగా పనిచేసేది. ఆ కాంపౌండుకు ఒకవైపు రైలు పట్టాలు, మరొకవైపు గుట్ట. అక్కడి కుటుంబాల వారికి లోకంలో ఉన్నవి ఈ రెండు దిక్కులే. చెంపకు మెతుకంటుకొన్నా, 'రైలు పక్క ఉండాది, తుడుసుకో' అనేవారు.

ఇరవయ్యోయేట సుకుమార్ మాస్టారిని పెండ్లాడి ఆమె పుంగనూరు చేరింది. అత్తగారు వంటింట్లో సైతం తూర్పు పడమరలు విడిచిపెట్టని మనిషి. 'పప్పు డబ్బా ఉత్తరానికి జరుపు, దాని దక్షిణం పక్క ఉప్పుండాది' అని ఆమె అంటే, కొత్తకోడలు ముందు కిటికీలోనుండి సూర్యుని వెదకి, ఆ తరువాత ఉప్పును వెదకేది. మబ్బు పట్టిన రోజున ఆ యింట భోజనం ఆలస్యమయ్యేది. తరువాత మదనపల్లెలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ డాక్టర్లూ నర్సులూ అందరూ లెఫ్టు, రైటు.

ఇట్లు మూడూళ్ళ దిక్కులూ ఒంటబట్టించుకొన్న లిడియమ్మ, వాటినే పనిముట్లుగా చేసికొన్నది. రోగి కాగితంపై ఊరి పేరు చూచి ఆ ఊరి మాటతోనే కాలు కదిలించేది. పుంగనూరు వైపు వారికి తూర్పు కాలు, పడమటి కాలు. కుప్పం కాంపౌండువారు వస్తే రైలు పక్క కాలు. 'ఊరు సెప్తే సాలు, వాళ్ళ కాలి పేరేమో నేను సెప్తా' అనేది. ఆ గర్వానికి మొన్న జూలై నెలలో పెద్దమండ్యం నుండి ఒక పరీక్ష వచ్చింది.

ఆ పరీక్ష పేరు సిద్ధమ్మ. వయస్సు డెబ్బది. నూర్పిడి కళ్ళంలో జారిపడి ఎడమ తుంటి విరుగగొట్టుకొన్నది. ఆపరేషను బాగుగానే జరిగింది, నడకే మిగిలింది. ఆమె ఇంటిదగ్గర ఒక పొట్టి ఆవున్నది. అది నిండుచూలు, తొలి ఈత. సిద్ధమ్మను తప్ప మరొకరిని దగ్గరకు రానీయదు. కొడుకు వెంకటేషును ఇప్పటికే రెండుసార్లు తన్నింది. అది ఈనేలోగా ఇల్లు చేరాలన్నది సిద్ధమ్మ పట్టుదల.

ఇల్లు చేరాలంటే ప్రీతి సంతకం కావాలి. ప్రీతి ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు, తిరుపతి అమ్మాయి. ఘాటు దిగి వెళ్ళవలసిన తిరుపతి మదనపల్లెవారికి 'కింద' గనుక, ఆమెకు వచ్చిన వారంలోనే 'కిందమ్మాయి' అన్న పేరు స్థిరపడింది. ఎంత చదివినా కిందనే ఉంచారని పాపం మొదట నొచ్చుకొన్నది.

ప్రీతి నియమం తేటగా ఉన్నది. నాలుగుకాళ్ళ స్టాండు పట్టుకొని, ముందు ఎడమ కాలు, వెనుక కుడి కాలు వేస్తూ వరండా చివరివరకు ఇరవై అడుగులు పోవాలి. వెనుకకు తిరిగి, అదే క్రమంలో రావాలి. కాళ్ళవైపు చూడరాదు. శుక్రవారం నాడు ఇది సాధిస్తే ఇంటికి. లేకున్న ఇంకొక పది దినాలు మంచానికి.

"ఎడమ కాలు ముందు, అవ్వా," అన్నది ప్రీతి.

"కాలికి ఎడమేంది పాపా? అన్నం తినే సెయ్యి కుడి, అది తెల్సు. కాళ్ళతో ఎవురన్నా తింటారా?"

"సరే, నొప్పిగా ఉండే కాలు ముందు."

సిద్ధమ్మ జాగ్రత్తపడింది. నొప్పి ఉన్నదంటే ఇంటికి పంపరని ఆమె అనుమానం.

"నొప్పా? యా కాలూ నొప్పి లేదే. రెండూ రాయి మాదిరి ఉండాయి."

ప్రీతి ఎడమ కాలికి ఎర్ర రిబ్బను కట్టింది. పది నిమిషాలలో అది దిండు కిందికి పోయింది. "నేనేమన్నా జాతర పొట్టేలునా, ఎర్రగుడ్డ కట్టేదానికి?" అన్నది సిద్ధమ్మ.

అప్పుడు లిడియమ్మ చిరునవ్వుతో ముందుకు వచ్చింది. పెద్దమండ్యం వారు ఇంతకుముందు ఆమె చేతికింద నడవలేదు. ఊరివారిది ఎగువ దిగువల లెక్క కావచ్చునని ఊహించి, "అక్కా, దిగువ కాలు ఎత్తు," అన్నది.

"రెండు కాళ్ళూ దిగువనే గదమ్మా ఉండేది! ఎగువ ఉండేది తల."

వార్డంతా నవ్వింది. లిడియమ్మ తడబడక, తన అత్తగారి అస్త్రం తీసింది. సిద్ధమ్మ దక్షిణానికి తలపెట్టి వెల్లకిల పడుకొన్నది గనుక ఎడమ కాలు పడమట ఉన్నది.

"పడమటి కాలు ఎత్తక్కా."

వెంటనే ఎడమ కాలు లేచింది. లిడియమ్మ ప్రీతివంక చూచిన చూపులో ముప్పైరెండేళ్ళ అనుభవం మెరిసింది.

మంగళవారం ఉదయం వరండాలో నడక మొదలైంది. వరండా ఉత్తరదక్షిణాలుగా ఉన్నది. ఉత్తరానికి పోతూ, "పడమటి కాలు... ఇప్పుడు తూర్పు కాలు..." అని లిడియమ్మ పలుకుతుంటే సిద్ధమ్మ ఇరవై అడుగులూ తప్పులేక వేసింది. మెల్లగా తిరిగింది. లిడియమ్మ అదే ఊపులో, "పడమటి కాలు," అన్నది.

సిద్ధమ్మ కుడి కాలు ముందుకు వేసింది. శరీరభారమంతా కుట్లు వేసిన కాలిపై పడింది. "అయ్యో దేవుడా!" అని ఆమె ఒరిగిపోగా, లిడియమ్మ నడుము పట్టి నిలబెట్టింది.

"అవ్వా, అది కాదు!" అని ప్రీతి పరుగెత్తి వచ్చింది.

"యాల కాదు? పడమరేమన్నా జరిగిపోయిందా? అదో, ఆ గోడ పక్కే గదా!" అని సిద్ధమ్మ ఆయాసపడుతూనే చెయ్యి చాచి చూపింది.

ఆమె చూపినది నిజంగా పడమరే. మనిషి తిరిగినది గాని పడమర తిరుగలేదు. ముప్పైరెండేళ్ళుగా తాను పడమటి కాలు, తూర్పు కాలు అన్నది మంచంపై పడుకొన్నవారితోనే గాని, నడిచి వెనుకకు తిరిగినవారితో కాదని, వారిని ఇంతవరకు చేయి పట్టే తిప్పుకొని వచ్చానని లిడియమ్మకు అప్పుడు తెలిసివచ్చింది. ఆమె మొగం ముడుచుకొన్నది.

"శుక్రవారం మీరు పక్కన నిలబడి చెప్పకూడదు ఆంటీ," అన్నది ప్రీతి మర్యాదగానే. "ఇంట్లో ఎవరు చెప్తారు? అవ్వ తనంతట తాను నడవాల."

బుధవారమంతా లిడియమ్మకు అన్నం సహించలేదు. గురువారం మధ్యాహ్నం ఆమె సిద్ధమ్మ మంచం దుప్పటి మారుస్తుండగా ఫోను మోగింది. అవతల వెంకటేషు. సిద్ధమ్మ అరచిన అరుపుకు ఫోను అవసరమే లేకపోయింది.

"ఒరే ఎంకటేసూ, ఆవు ఎట్లుండాదిరా? పొదుగు దిగిందా? అయ్యో, అట్లయితే రేపో ఎల్లుండో! నువ్వు దగ్గిరికి పోవాకు, మళ్ళీ తంతాది... ఆఁ? సన్నపట్టె సేనికి ట్రాక్టరు పోదు, ఎద్దులే కట్టాల. అడిగి తెచ్చినావా? ఇనుకో. ఆ జతలో దాపటెద్దు సోంబేరిది. దాన్ని ముందు అదిలించు. వలపటిది దానంతకదే వస్తాది."

కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. లిడియమ్మ చేతిలోని దుప్పటి అక్కడనే ఆగిపోయింది.

"అక్కా, నువ్వు మడక దున్నినావా?"

"మా ఆయన పోయినాక పదైదేండ్లు దున్నినా. ఊర్లో మొగోళ్ళు గట్టుమీద నిలబడి నగతా ఉంటే, వాళ్ళ సేన్లకన్నా నెట్టగా దున్నినా."

"సేను చివరకు పోయి తిరుక్కున్నాక, దాపటెద్దు వలపటిది అయిపోతాదా?"

సిద్ధమ్మ జాలిగా చూచింది. "కాడికి కట్టినాక దాపటిది సచ్చేదాకా దాపటే. యా దిక్కు తిరిగితే ఏమి? నీకు సేద్యం బొత్తిగా తెలీదే లిడియమ్మా!"

లిడియమ్మ ఆమె ఎడమ మోకాలిపై మెల్లగా తట్టింది.

"ఇది దాపటిది. సోంబేరి ఎద్దు. దీన్నే ముందు అదిలించాల."

సిద్ధమ్మ తన కాళ్ళను కొంతసేపు కొత్తగా కొన్న జతను చూచినట్లు చూచింది. "అవునే," అన్నది. "మొదట్నుంచీ ఇది సోంబేరిదే."

శుక్రవారం ఉదయం ప్రీతి కాగితం పట్టుకొని వరండా మధ్య నిలిచినది. లిడియమ్మను గోడవద్ద నిలబెట్టి, నోటిపై వేలుంచి సైగ చేసింది. వార్డులో కదలగలిగినవారందరూ గుమ్మానికి చేరారు. కుప్పుస్వామి గరిటెతోనే వచ్చాడు.

సిద్ధమ్మ స్టాండును మడక మేడి పట్టినట్లు పట్టింది.

"దాపటా, పద! నిన్నే, సోంబేరిదానా! వలపటా, నువ్వు రామ్మా, నువ్వు బంగారం... దాపటా!"

ప్రీతి నోరు తెరిచింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఇరవై అడుగులు. వరండా చివర సిద్ధమ్మ ఆగినది. లిడియమ్మ రెండు చేతులతోనూ తన నోరు తానే మూసికొన్నది.

"హో... తిరుగు, తిరుగు. నిదానం." సిద్ధమ్మ చిన్నచిన్న అడుగులతో దక్షిణానికి తిరిగింది. కాళ్ళవంక చూడలేదు, ఎదుట నిలిచిన ప్రీతివంక చూచింది. "దాపటా! తిరుక్కున్నాం గదా అని మర్చిపోతే సంపుతా! పద!"

ఎడమ కాలు ముందుకు వచ్చింది.

ఇరవయ్యో అడుగు ముగిసేసరికి కుప్పుస్వామి గరిటెను గుమ్మంపై వాయించాడు. ప్రీతి సంతకం చేసి, కాగితం అడుగున 'ఇంటివద్ద నడిపించువారికి సూచన' అన్న చోట కలం ఆపి, "ఆంటీ, ఇక్కడ ఏమని రాయాల?" అని అడిగింది.

లిడియమ్మ నోటిపైనుండి చేతులు తీసింది. "నన్ను మాట్లాడొద్దంటివే కిందమ్మాయీ!"

కొంతసేపు బతిమాలించుకొన్న తరువాత చెప్పింది. దాపట కాలు ముందు, వలపట కాలు వెనుక, అని ఆ కాగితం మీద నేటికీ ఉన్నది.

మరునాటి సాయంత్రం లిడియమ్మకు ఫోను వచ్చింది.

"ఈనిందమ్మా! పెయ్యదూడ. నేను గడపలో అడుగు పెట్టేదాకా బిగబట్టుకోనుండాది తల్లి," అన్నది సిద్ధమ్మ. "ఒక మాట మీ కిందమ్మాయికి సెప్పు. దీనికి నాలుగు కాళ్ళు. రెండు దాపట, రెండు వలపట. పుట్టిన గంటకే లేసి నడిసింది. కాగితం ఎవురూ అడగలేదు."