గ్యాలరీ చివర పాత ఫోన్

ముంబై కామాటిపురలో పగటిపూట తలుపు వేసుకున్న ఇల్లు కనిపిస్తే, అంతస్తుకో వరుస ఒంటిగదులుండే మా చాల్‌లో రెండే అనుకుంటారు: జగడమో, చావో. నేను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా తలుపు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టిన మొదటి వారంలో ముగ్గురు తట్టి మరీ చూశారు. ఏం లేదు, ఇంటి నుంచే ఫోన్లు ఎత్తే ఉద్యోగం అని చెప్పినా వాళ్ల ముఖాల్లో నమ్మకం కుదరలేదు.

ఇటు పది అడుగులు, అటు పన్నెండు అడుగుల గది మాది. ఫ్యాన్ వేస్తే ఆ రొద కస్టమర్‌కు వినిపిస్తుంది, వేయకూడదు. కిటికీ తీస్తే ఫోరస్ రోడ్ హారన్లన్నీ లోపలికొస్తాయి, తీయకూడదు. డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు ఉండేది నాకు. అయినా ఓర్చుకున్నాను. అంతకు ముందు పదేళ్లు ఇదే గదిలో కూర్చుని చీరలకు రాళ్లు అంటించాను. ఆ జిగురు వాసన మళ్లీ పీల్చకూడదని ఒట్టు పెట్టుకుని ఈ ఉద్యోగంలో చేరాను. మొదటి మూడు నెలలు పరీక్ష. కాల్స్ తెగిపోతుంటే హెచ్చరిక, మూడు హెచ్చరికలు వస్తే ఇంటికి పంపుతామన్నారు. ఇంట్లోనే ఉన్నదాన్ని ఇంకెక్కడికి పంపుతారో.

మొదటి హెచ్చరిక రెండో వారంలోనే వచ్చింది. రూటర్ చూస్తే నా నెత్తి మీదే, దేవుడి పటం పక్కనే ఉంది. ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ గీతలు ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటాయి. కానీ పది కొట్టేసరికి అవతలి మనిషి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఒంటిగంటకు దానంతటదే బాగయ్యేది. రెండున్నరకు మళ్లీ మొదలు. రూటర్‌ను అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఆపి మళ్లీ వేశాను. దానికి దిష్టి తీయడం ఒక్కటే తక్కువ.

చివరికి మా గల్లీలో నెట్ లైన్లు వేసే ఆయనను పిలిచాను. ఆయనా తెలుగువాడే. తన ఫోన్‌లో ఏదో చూసి, "మీ రూటర్‌కు ఇంకో ఫోన్ తగులుకోని ఉన్నది వదినా. మస్తు దూరం నుంచి," అన్నాడు.

ఆ ఫోన్ మా మామది, అంటే నా భర్త తండ్రిది. ముంబైలో నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసి, మోకాళ్లు అరిగి, సిమెంటు దుమ్ముతో దగ్గు తెచ్చుకుని ఆగిపోయిన మనిషి. ఆ దగ్గు కస్టమర్‌కు వినబడుతోందని నేనే ఆయనను బయట కూర్చోమన్నాను. గదుల ముందున్న గ్యాలరీలో నాలుగు ఇళ్లు దాటి, మెట్ల పక్కన స్టూలు వేసుకుని, సిమ్ కూడా లేని పాత ఫోన్‌లో పాలమూరు వైపు ఒగ్గు కథలు చూసుకునేవాడు. పది నుంచి ఒంటిగంట దాకా. లోపలికొచ్చి అన్నం తిని, ఓ కునుకు తీసి, మళ్లీ రెండున్నరకు.

"ఆయనకు ఒక్క గీతే వస్తదేమో. నాకు నిండ ఉన్నయి గదా, నాకేం?" అని అడిగాను.

"నల్లా కాడ లైను ఎరుకే గదా వదినా. ధార జోరుగనే ఉంటది. కానీ ముందట ఒకరు సన్నమూతి సీసా పెట్టిన్రనుకో, అది నిండేదాంక బిందెలోల్లందరు ఆగుడే. గాలిల గూడ గంతే, ఒకరి ఎనక ఒకరికి వంతు. దూరమున్న పాత ఫోన్ ఆ సీసా అన్నట్టు. నీ బిందె ఎంత పెద్దగుంటె ఏం ఫాయిదా?"

వెళ్తూ వెళ్తూ ఆ ఫోన్‌ను రూటర్ నుంచి ఎలా ఆపేయాలో కూడా చూపించాడు. ఒక్క నొక్కు, అంతే.

మామకు చెప్పొచ్చు. చెప్తే లోపలికి రానివ్వాలి, వస్తే దగ్గు. అందుకని చెప్పకుండానే నొక్కేశాను. అది సిగ్గుమాలిన పని అని నొక్కేటప్పుడే తెలుసు.

మూడు రోజులు ఒక్క కాల్ కూడా తెగలేదు. పైఅధికారిణి మెచ్చుకుంది. మామ మాత్రం ఫోన్ ఒళ్లో పెట్టుకుని మెట్ల వంక చూస్తూ కూర్చున్నాడు. "ఫోన్ పాతదైపోయింది మామా," అన్నాను, ఆయన అడగకముందే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

నాలుగో రోజు స్టూలు ఖాళీగా ఉంది. ఆ మోకాళ్లతో మూడంతస్తులు దిగి, నాగ్‌పాడా దాకా నడిచి, ఫోన్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాడట. తిరిగొచ్చి, నా పని అయ్యేదాకా తలుపు బయటే నిలబడి, ఆరు దాటాక లోపలికొచ్చాడు.

"ఫోన్ల ఏం ఖరాబి లేదంట బిడ్డా. ఆడ వాల్ల నెట్ పెడితె మంచిగ నడిచింది. లోపం మీ ఇంట్లనే ఉన్నది, ఇంట్ల చూసుకోమన్నడు."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నేనే ఆపిన మామా," అన్నాను. ఎందుకు ఆపానో కూడా చెప్పాను, నల్లా దగ్గరి సీసాతో సహా.

ఆయన కోప్పడలేదు. "అంటె దగ్గరుంటె నా దగ్గు అడ్డం, దూరముంటె నా ఫోన్ అడ్డం. అంతేనా బిడ్డా?" అన్నాడు.

మర్నాటి నుంచి ఆయనను లోపలే, రూటర్ కింద మంచం మీద కూర్చోబెట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇప్పుడు తలుపు ఇద్దరి మీదా మూసి ఉంటుంది. నెట్‌కు ఏ లోటూ లేదు. దగ్గు తన్నుకొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుంటాడు. ముఖం కందిపోతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అయినా నా వేలి వంకే చూస్తుంటాడు. నేను మ్యూట్ నొక్కాకే తువ్వాలు తీసి దగ్గుతాడు. చూడలేక, ఒక్క నిమిషం ఆగండని కస్టమర్‌తో చెప్పి, రోజుకు ఎన్నిసార్లు ఆ బటన్ నొక్కుతున్నానో నాకే తెలియదు.

నిన్న రెండో హెచ్చరిక వచ్చింది. నెట్ గురించి కాదు. కస్టమర్లను మాటిమాటికీ ఆపి ఉంచుతున్నానట. మామకు ఆ సంగతి చెప్పలేదు. చెబితే మళ్లీ వెళ్లి మెట్ల దగ్గర కూర్చుంటాడు, ఈసారి ఫోన్ ఇంట్లోనే పెట్టేసి.