‘కింది కోర్టు’ మీద మామ అభ్యంతరం

మా మేనమామ పోయాడు. పొద్దున పులివెందులలో టీ తాగుతుంటే జమ్మలమడుగు నుంచి అత్త ఫోను. “మీ మామ లేడబ్బీ. పేపరు దిద్దుతా దిద్దుతా అట్లే ఒరిగిపాయ.”

పేపరు దిద్దడమేమిటని అడుగుతారు. చెబుతాను. ఆయన జమ్మలమడుగు కోర్టులో గుమాస్తాగా రిటైరయ్యాడు. పేపర్లో ‘కింది కోర్టు’ అన్న మాట కనబడితే చాలు, కాగితం ముక్క కత్తిరించి, ఎర్రసిరాతో ‘విచారణ కోర్టు’ అని రాసి, ఆ మాట మీద అతికించేవాడు. జిగురు వాడేవాడు కాదు. సద్దన్నంలోంచి నాలుగు మెతుకులు తీసి గిన్నెలో ఉంచుకునేవాడు. కోర్టులోనూ దస్త్రాలకు చీటీలు అట్లాగే అతికించాడట. పాత పేపర్లు కొనేవాడు వాళ్లింటి కట్టను ముట్టేవాడు కాదు. “అది చీమల పుట్ట సామీ” అనేవాడు.

“సాక్షి యాడ తడబడినాడో, యాడ గుటకలు మింగినాడో చూసింది మేము అల్లుడా. పైనోళ్లు చూసేది కాయితమే. అప్పీలు వింటారు, సరే. మా తీర్పు కొట్టేస్తారు, అదీ సరే. శానాసార్లు మళ్లీ విచారించమని మాకే తిప్పి పంపుతారు. మరి మేము కిందెట్లయితాం?” అనేవాడు మామ.

నేను పేపర్లకు వ్యాసాలు రాసేవాణ్ని, ఊరుకునే రకం కాదు. “కొట్టేసే అధికారం ఉన్నవాడు పైన, లేనివాడు కింద. పేరు మార్చి పెత్తనాన్ని దాచొద్దు మామా.” ఈ వాదన సగమైనా సరైనదేనని ఇప్పటికీ అంటాను. పేర్లు మార్చి కుర్చీలు కాపాడుకునే దేశం మనది.

“లేసి చేతులు కడుక్కోండి, సంగటి చల్లారిపోతాంది” అనేది అత్త. ఆ తీర్పు మీద అప్పీలు లేదనేవాడు మామ.

ఒకసారి ప్రొద్దుటూరులో సమానత్వం మీద సభ. మైకు ముందు ఊగిపోతున్నాను. ‘కింది కోర్టులు’ అన్నానో లేదో, ముందు వరసలోంచి మామ చెయ్యెత్తి లేచాడు.

“అభ్యంతరం.”

“ఇది కోర్టు కాదు మామా, కూర్చో!”

“కోర్టు కాకుంటే గంట నుంచి తీర్పులెందుకు చెప్తాండావు?”

సభంతా గొల్లున నవ్వింది. అధ్యక్షుడైతే కళ్లు తుడుచుకున్నాడు. మనుషులంతా సమానమని అరుస్తూనే ఒక ముసలాయన్ని కసిరి కూర్చోబెట్టానన్న సంగతి నాకు తట్టలేదు. పరువు పోయిందని మాత్రం తట్టింది. ఆర్నెల్లు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆయనే ఫోను చేసేవాడు. “నీ వ్యాసం చూసినా. బాగుంది. మూడుచోట్ల అతికించినా.” అంతే, పెట్టేసేవాడు. తర్వాత రాకపోకలు మొదలయ్యాయి గానీ, ఆ మాట వదిలేస్తానని ఒక్కసారీ ఆయనతో అనలేదు.

ఆయన పోయిన రోజు నేను చేరేసరికి వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. మామ ఫోటో నవ్వుతోంది. దాని కింద పెద్ద అక్షరాలు: ‘కింది కోర్టు విశ్రాంత గుమాస్తా’.

“ఎవరప్పా ఇది రాయించింది?” అని కేకలేశాను.

“నువ్వు రాసే మాటే గదన్నా” అన్నాడు పక్కింటాయన బిత్తరపోయి. “నీ వ్యాసం చూసే రాయిస్తిమి.”

 

లోపలికి పోయి ఆయన ఎర్రపెన్ను తీసుకున్నాను. ఒక కాగితం మీద ‘విచారణ కోర్టు’ అని, ఆయన రాసినంత గుండ్రంగా రాయాలని చూశాను. కుదరలేదు. వెనక నుంచి అత్త గిన్నె చాపింది. పొద్దున మామ తీసిపెట్టుకున్న మెతుకులు.

“ఇంకా ఎండలేదబ్బీ” అంది.

పాడె లేవకముందే ఆ చీటీ ఫ్లెక్సీ మీద అతికించాను.

మూడో రోజు మళ్లీ వెళ్లాను. చీటీ కదల్లేదు. ఫ్లెక్సీ కట్టిన గుంజ మీదుగా నేల నుంచి చీమలు బారు కట్టి ఎక్కుతున్నాయి. పైనుంచి మరికొన్ని మెతుకు తునకలతో దిగుతున్నాయి. ఎక్కేదీ దిగేదీ ఎదురుపడిన ప్రతిచోటా ఆగి, మొహాలు ఆనించుకుని, దేని దారిన అది పోతోంది.