బెండకాయ వరుగులు

చిన్నప్పుడు బెండకాయ కూర నాలుకకు తగిలితే చాలు, నాకు వాంతొచ్చేది. మెత్తగా జారేదేదైనా అంతే. ఇంట్లోవాళ్ళు పొగరన్నారు. మేనత్త దయ్యమని తాయెత్తు కట్టించింది. గుచ్చుకుంటోందని దాన్నీ తెంపి పారేశాను.

ఒక వేసవిలో, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో నాయనమ్మ వరుగులకని చాప మీద ఎండబెట్టిన బెండకాయ ముక్కలన్నీ కరకరా నమిలేశాను. ఖాళీ చాప చూసి ఆవిడ మేనత్త మీద అరిచింది: "దయ్యమూ లేదు, నీ మొహమూ లేదు! దీనికి కోపం కూర మీద కాదే, జిగురు మీద!"

అప్పటినుంచి వంకాయ, గోరుచిక్కుడు అన్నీ మిరపకాయల పక్కనే ఎండి, నూనెలో వేగి నా కంచంలో పడ్డాయి.

డెబ్బై దాటాక ఒక డాక్టరు నాకున్నది ఆటిజమని తేల్చాడు. బెండకాయ ఆరోగ్యానికి మంచిదని, మెత్తగా ఉడికించి తినమన్నాడు.

నాయనమ్మే ఉంటే ఆయన్ని కూడా కళ్ళంలో ఎండబెట్టేది.