ఉదయగిరి బస్సులో నా హోంవర్కు

మాది ఉదయగిరిలో కిరాణా అంగడి. గిరాకీ వస్తే మాట్లాడలేక మూటల వెనక్కి వెళ్లి నిలబడే మనిషిని నేను. నలుగురూ నవ్వుతారనే భయానికి కూడా వైద్యం ఉందని విని, మా ఆయన నన్ను ఆత్మకూరులో కౌన్సెలింగ్ చేసే మేడం దగ్గర చేర్పించాడు. ఆవిడ మందులివ్వలేదు, హోంవర్కు ఇచ్చింది.

"బోర్డు చూసుకుని ఉదయగిరి బస్సే ఎక్కు. ఎక్కినాక, ఇది ఉదయగిరి పోతుందా అని అందరికీ వినపడేటట్టు అడుగు. ఏమవుతుందో చూసి, వచ్చి నాకు చెప్పు."

ఆ సాయంత్రం ఆత్మకూరు బస్టాండులో బస్సు కిక్కిరిసి ఉంది. సీటు లేదు. కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని అరిచేశాను.

"ఈ బస్సు ఉదయగిరి పోతాదా?"

కళ్లు తెరిచేసరికి తలలన్నీ నా వైపే తిరిగి ఉన్నాయి.

"ముందర అంత లావు బోర్డు ఉండాది, కనపళ్లేదామ్మా?" అన్నాడు కండక్టర్.

వెనక దాక్కుందామంటే అక్కడ మూటలు కూడా లేవు. అంతలో నా పక్క సీట్లోంచి మెలితిప్పిన మీసాల పెద్దాయన ఒకాయన దిగ్గున లేచాడు.

"ఉదయగిరా! నేను సోమశిల పోవాల!"

కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టే తొందరలో ఆయన బోర్డే చూడలేదట.

"అనుమానం వచ్చింది గానీ, అడిగితే నవ్వుతారని ఊరుకున్నా తల్లీ" అన్నాడు.

బస్సంతా గొల్లుమని నవ్వింది. ఆయన అందరికంటే గట్టిగా నవ్వి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని దిగిపోయాడు.

నలుగురూ నవ్వితే ఏమవుతుందో ఇన్నేళ్లకు కళ్లారా చూశాను. ఏమీ కాదు. నాకైతే ఇంటిదాకా కూర్చోడానికి సీటు దొరికింది.