పిడి మాత్రం దక్కింది

మూడు నెలల ఆదివారాలు కొలిమికే పెట్టాను. లారీ కమాను పట్టీనీ పాత రంపం బ్లేడునీ కాల్చి, మడిచి, అతికించి, అలల్లాంటి చారలు తేలేలా కత్తి చేశాను. టేకు పిడికి మూడు ఇత్తడి చీలలు బిగించాను. ఈ రోజు దాన్ని తువ్వాలులో చుట్టుకుని, జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళి, నాకు పని నేర్పిన కమ్మరి సుబ్బయ్య గారికి చూపించాను.

ఆయన కత్తిని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. మరుక్షణం ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ అంచుకేసి బాదారు. కత్తి పిడి దగ్గరికి విరిగిపోయింది. లోపలి పొరలు అట్టముక్కల్లా విడిపోయి ఉన్నాయి.

"అతుకు పడలేదబ్బాయ్. మోతలోనే తెలిసిపోలా?" అన్నారు. పిడి నా చేతిలో పెట్టి, "చీలలు మాత్రం బాగా కొట్టావ్. దాచుకో" అన్నారు.

ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చి పిడిని టీవీ బల్ల మీద పెట్టాను. దానికి ఏం బిగించమంటారో మీరే చెప్పండి.